మెట్ల మలుపులో రెండో చరణం

ఆ బిల్డింగులో రెండో అంతస్తుకీ మొదటి అంతస్తుకీ మధ్య, మెట్లు మలుపు తిరిగే చోట ఎవరూ పాడరు. గొంతెత్తి పాడటం సంగతి సరే, కూనిరాగం కూడా తియ్యరు. ఈల వెయ్యరు. జేబులో ఫోన్ మోగితే గబుక్కున నొక్కేస్తారు.

ఎందుకంటే... అక్కడ నువ్వు సగం పాట పాడితే, మిగతా సగం ఇంకెవరో పాడతారట.

పార్సిళ్ళు తెచ్చే మనిషొకడు ఈల వేసుకుంటూ ఎక్కాడట ఒకసారి. మలుపు దగ్గరికొచ్చేసరికి ఆయాసమొచ్చి ఈల ఆపాడు. ఈల మాత్రం ఆగలేదు. పెట్టె అక్కడే పారేసి, చెప్పులు కూడా వదిలేసి, పక్క వీధి దాకా పోయి గానీ వెనక్కి తిరిగి చూడలేదట.

మొదటి అంతస్తు ముసలావిడ సంగతి ఇంకా వింత. మనవరాలిని భుజాన వేసుకుని జోకొడుతూ ఆ మలుపు దాకా వచ్చింది. జోలపాట మధ్యలో ఒక మాట మర్చిపోయి తడుముకుంటుంటే — చెవి పక్కనే ఎవరో ఆ మాట అందించారు. "ఆఁ, అదే" అనేసి రెండు మెట్లు ఎక్కింది కూడా. అప్పుడు గుర్తొచ్చింది, వెనకాల ఎవరూ లేరని.

రెండో అంతస్తు పదకొండేళ్ళుగా ఖాళీ. తలుపు తాళానికి తుప్పు. మలుపులో ఏ బల్బు పెట్టినా నెల తిరక్కుండా మాడిపోతుంది. ఎవరు చచ్చారో, ఎప్పుడు చచ్చారో ఎవరికీ తెలీదు. తెలీదు కాబట్టి తలా ఒక కథ.

ఈ కథలన్నీ విని కళ్ళద్దాలాయన అన్న మాట ఒక్కటే.

"పాట పూర్తిగా రానివాళ్ళందరికీ ఒక దెయ్యమన్నా దొరికింది. సంతోషం."

అలాంటి మనిషి ఆయన.

వీధి చివర కళ్ళద్దాల షాపు ఆయనది. ముందు గదిలో అక్షరాల బోర్డు, వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను. వేళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లటి పొడి. ఇరవయ్యేళ్ళుగా జనాల కళ్ళలోకి టార్చి వేసి చూస్తున్నాడేమో, మనుషుల్ని అలాగే చూడటం అలవాటైపోయింది — దగ్గరగా, ఒక కన్ను మూసి, లోపమెక్కడుందా అని. సాయంత్రం షాపు కట్టేశాక వయొలిన్ వాయిస్తాడు. స్టేజీ ఎక్కింది లేదు, పేపర్లో పేరొచ్చింది లేదు. కానీ సంగీతం గురించి ఆయన దగ్గర నోరెత్తితే అయిపోయినట్టే. శాస్త్రీయం తప్ప మిగిలిందంతా ఆయన లెక్కలో చప్పుడు. సినిమా పాట చప్పుడు, గిటారు చప్పుడు, డ్రమ్ము మరీ చప్పుడు.

ఆ బిల్డింగు మూడో అంతస్తులో టైలరు గది ఉంది. ప్రతి శుక్రవారం ఏడింటికి అక్కడ నలుగురు చేరేవాళ్ళు. టైలరుకి గిటారు పిచ్చి. సిటీ బస్సు డ్రైవరొకాయన మౌత్ ఆర్గన్ వాయిస్తాడు. పెద్దాసుపత్రిలో పనిచేసే నర్సమ్మ పాడుతుంది. నాలుగోవాడు మన కళ్ళద్దాలాయన. అందరూ సరదాకి నేర్చుకున్నవాళ్ళే. పద్ధతేమిటంటే, ఒక్కొక్కరూ తమకి ప్రాణమైన పాట ఒకటి తెచ్చి వినిపించాలి. ఏ రకమైనా సరే. అయ్యేదాకా మిగతావాళ్ళు నోరు విప్పకూడదు. ఆ తర్వాత అందరూ కలిసి దాన్ని వాయించి చూడాలి.

అంత చులకనైనప్పుడు ఈయన ఎందుకు వెళ్ళడం అంటారా? ఇంట్లో వినేవాళ్ళు లేక. "మీరు కమాను పట్టుకుంటే నాకు పన్ను పీకే డాక్టరు గుర్తొస్తాడండీ" అని భార్య మొహం మీదే చెప్పేసింది. ఇక మిగిలింది ఆ ముగ్గురే. తక్కువవాళ్ళయినా చెవులున్నవాళ్ళు కదా అని వెళ్ళేవాడు.

ఆ శుక్రవారం ముందు డ్రైవరు వంతు. బస్సులో ఎవరో గుడ్డి ప్రయాణికుడు రోజూ పాడుకునే పాటట. మౌత్ ఆర్గన్ మీద పట్టుకొచ్చాడు. కళ్ళు మూసుకుని, బుగ్గలు పూరించి, మధ్యమధ్య ఊపిరి తప్పుతూ వాయించాడు.

కళ్ళద్దాలాయన గోడకున్న టేపుని చూస్తూ కూర్చున్నాడు. 'బస్సుకి హారనుంది కదా, మళ్ళీ ఇదెందుకు' అనుకున్నాడు.

తర్వాత నర్సమ్మ. ఫోన్ మిషను బల్ల మీద పెట్టి నొక్కింది. గిటార్లు చిరిగిపోయేలా మోత. పైన ఒకమ్మాయి గొంతు — పాడుతోందో అరుస్తోందో తెలీకుండా. నాలుగు నిమిషాలు. బల్ల మీద దారపు రీళ్ళు వణికాయి.

పాటయ్యాక ఆవిడ ఫోన్ తీసుకుని నెమ్మదిగా చెప్పింది. "వార్డులో ఎవరన్నా పోయిన రాత్రి... బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఇది వింటాను. నా బదులు ఆ పిల్ల ఏడ్చేస్తుంది. తర్వాత మొహం కడుక్కుని డ్యూటీకొచ్చేస్తా."

ఎవరూ మాట్లాడలేదు. కళ్ళద్దాలాయన మాట్లాడాడు.

"ఏడవడానికి పాటెందుకమ్మా? ఫైరింజను వెళ్తుంటే కిటికీ తెరిస్తే సరిపోయేది."

డ్రైవరు తల దించుకున్నాడు. టైలరు కత్తెర తీసి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. నర్సమ్మ ఫోన్ బ్యాగులో పెట్టుకుంది. ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళు చేసినావిడ, ఇంతకన్నా పెద్ద మాటలు పడ్డావిడ.

టైలరే మాట మార్చాడు. "సరే గురువుగారూ... ఇవాళ మీరేం తెచ్చారు?"

మామూలుగా అయితే ఎవరో పాత విద్వాంసుల కచేరీ పెట్టి, మధ్యమధ్య ఆపి పాఠం చెప్పేవాడు. ఆరోజు అలా చెయ్యలేదు. పెట్టె తెరిచి వయొలిన్ తీశాడు.

"ఇవాళ వేరేవాళ్ళది కాదు. నాది. నేను కట్టిన బాణీ."

వాయించాడు.

నిజం చెప్పుకోవాలి — గది మారిపోయింది. మాటల్లేని బాణీ అది. పల్లవి చాలా మామూలుగా, ఇంటికి వెళ్ళే దారిలో నడుస్తున్నట్టుగా మొదలవుతుంది. చరణంలో ఆ దారి కాస్తా తప్పి, ఎక్కడో తెలీని వీధిలోకి పోయి, ఇక తిరిగి రాదేమో అనుకునే సమయానికి గుమ్మం ముందు తేలుతుంది. అది శాస్త్రీయమూ కాదు, సినిమా పాటా కాదు. డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. టైలరు చెయ్యి బట్ట మీదే ఆగిపోయింది.

నర్సమ్మ మాత్రం కమాను వైపు కాదు, ఆయన మొహం వైపు చూస్తోంది. తెల్లబోయి చూస్తోంది.

"ఇది... మీరే కట్టారా సార్?"

"మరి? ఈ గదిలో ఇంకెవరు కడతారు?"

"ఎప్పుడు?"

"మూడేళ్ళయింది."

"పల్లవీ, ఒక చరణమేనా? రెండో చరణం లేదా?"

"లేదు. పూర్తయిపోయిన దానికి ఇంకో తోక ఎందుకు?"

ఆవిడ బ్యాగు తగిలించుకుంది. "డ్యూటీకి టైమయింది" అని దిగి వెళ్ళిపోయింది.

కుళ్ళు అనుకున్నాడు కళ్ళద్దాలాయన. మంచి బాణీ వినగానే చిన్నబుద్ధి ఎలా బయటపడిందో చూడు, అనుకున్నాడు.

అనుకున్నాడే గానీ... లోపల ఎక్కడో చిన్న ముల్లు కదిలింది. ఎందుకంటే ఆ బాణీ ఆయనది కాదు.

పక్క వీధిలో ఒక అచ్చాఫీసుండేది. అందులో ప్రూఫులు దిద్దే మనిషి కళ్ళజోడు కోసం వచ్చి స్నేహితుడయ్యాడు. సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు. వాయిద్యం రాదు, స్వరాలు రాయడం రాదు. కానీ నోటితో బాణీలు కట్టేవాడు. ఏ పాట విన్నా సంబరపడేవాడు, వీధిలో పెళ్ళాన్ని తిడుతూ పాడుకునే తాగుబోతు ఎదురైనా నిలబడి వినేవాడు. 'వీడికి మంచీ చెడూ లేదు' అని ఈయనకి చులకనే. అయినా రోజూ సాయంత్రం షాపు వెనక గదిలో స్టూలు మీద కూర్చుని పాడుతుంటే వినేవాడు.

ఈ బాణీ పల్లవి, చరణం అలా విన్నవే. "రెండో చరణం ఇంకా రాలేదురా. వచ్చాక ముందు నీకే వినిపిస్తా" అన్నాడు ప్రూఫులాయన.

ఆ తర్వాత ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో పడ్డాడు. రెండుసార్లు కబురు పెట్టాడు. ఈయన వెళ్ళలేదు. వెళ్దామనే అనుకున్నాడు. మొదటి వారం షాపులో పని. రెండో వారం ఆసుపత్రి వాసన పడదని. తర్వాత, ఇన్నాళ్ళూ వెళ్ళకుండా ఇప్పుడేం మొహం పెట్టుకుని వెళ్ళడం అని... అంతలో పోయాడని తెలిసింది.

మూడేళ్ళు గడిచాక, వినేవాళ్ళు ముగ్గురు దొరికాక, పోయినవాడి బాణీ 'నాది' అయిపోయింది. అడిగేవాడెవడు?

తొమ్మిదింటికి కరెంటు పోయింది.

డ్రైవరు అప్పటికే వెళ్ళిపోయాడు. కళ్ళద్దాలాయన పెట్టె చంకన పెట్టుకుని లేచాడు. ఆయన ఫోన్‌లో చార్జింగు లేదు.

"ఆగండి గురువుగారూ, కొవ్వొత్తి ఇస్తా" అన్నాడు టైలరు. గొంతు తగ్గించాడు. "అసలే ఆ మలుపులో..."

"మలుపులో ఏముంది? వినేవాళ్ళే కదా ఉన్నది? ఇక్కడున్నవాళ్ళ కన్నా నయం." నవ్వాడు. "ఇవాళ కావాలనే పాడుకుంటూ దిగుతా. మిగతాది అందుకోమను, చూద్దాం ఎంత వచ్చో."

చీకట్లో గోడ పట్టుకుని దిగాడు. మూడో అంతస్తు అయింది. రెండో అంతస్తు తలుపు చేతికి తగిలింది — చల్లగా, తుప్పు గరగరలాడుతూ. ఇంకో తొమ్మిది మెట్లు. మలుపు.

ఆగాడు.

గోడ చెమ్మగా ఉంది. కింద వీధి చప్పుడు కూడా దూరమైపోయినట్టుంది. తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది.

దెయ్యమట... వెధవలు.

కూనిరాగం అందుకున్నాడు. ఆ బాణీయే. పల్లవి ఒకసారి పాడాడు. తీరిగ్గా, చివరి స్వరం మీద ఆగి, చరణం ఎత్తుకోకుండా కావాలనే నోరు మూశాడు.

"ఊఁ... కానీ" అన్నాడు చీకటితో.

ఏమీ లేదు.

నవ్వొచ్చింది. కాలు ముందుకు వెయ్యబోయాడు —

చరణం మొదలైంది.

కిందనుంచి. సన్నగా... గొంతు సగం, ఊపిరి సగం. ఆడో మగో తెలీదు. మాటలు లేవు.

కళ్ళద్దాలాయన కాలు గాల్లోనే ఆగిపోయింది.

పైన గదిలో తను వాయించింది విని ఎవరో పాడుతున్నారనుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే చరణం మధ్యలో ప్రూఫులాయన ఒకచోట ఆగేవాడు — దగ్గొస్తుందేమో అన్నట్టు, అర క్షణం. అది తప్పని ఈయన నిశ్చయం. వయొలిన్ మీద వాయించేటప్పుడు ఆ ఆగడాన్ని తీసేసి, సాఫు చేసి వాయించాడు. ఇప్పుడు ఈ గొంతు...

ఆగింది. సరిగ్గా అక్కడే. అర క్షణం.

మళ్ళీ అందుకుంది.

వీపు గోడకి ఆనించేశాడు. వయొలిన్ పెట్టె గుండెలకి హత్తుకున్నాడు. అరుపు బయటికి రాకుండా రెండో చేత్తో నోరు గట్టిగా నొక్కుకున్నాడు. వేళ్ళకున్న పొడి పెదాలకి అంటింది.

చరణం అయిపోయింది. గుమ్మం ముందు తేలింది. నిశ్శబ్దం...

ఒకటి, రెండు, మూడు ఊపిర్లు.

అప్పుడు ఎప్పుడూ విననిది వినిపించింది.

రెండో చరణం!

ఎక్కడినుంచి వస్తోందో తెలీలేదు. కిందనుంచా, గోడలోంచా... మెట్ల సందంతా అదే. గొంతు ఇందాకటి కన్నా దగ్గరయింది, మెట్లెక్కి వస్తున్నట్టుగా. పల్లవిలో ఇంటికి బయల్దేరిన వాడు, చరణంలో దారి తప్పి గుమ్మం చేరినవాడు — ఇప్పుడు తలుపు కొడుతున్నాడు. తెరవట్లేదు. మళ్ళీ కొడుతున్నాడు. కోపం లేదు. కొట్టి, ఆగి, వింటున్నాడు. మళ్ళీ కొడుతున్నాడు...

కళ్ళద్దాలాయన జీవితంలో అంత బాగున్నది వినలేదు. అంత భయమూ పడలేదు. నోటి మీది చెయ్యి తియ్యకుండానే మెట్టు మీద కూలబడ్డాడు.

పాట ఆగింది.

కింద మెట్ల మీద బూటు జరిగిన చప్పుడు...

తళుక్కున వెలుగు!

"సార్?"

నర్సమ్మ. నాలుగు మెట్ల కింద, చేతిలో ఫోన్ లైటు. ఒక కాలికి డ్యూటీ బూటు, రెండోది పక్కన.

కళ్ళద్దాలాయనకి ముందు ఊపిరొచ్చింది. తర్వాత సిగ్గొచ్చింది. ఆ తర్వాత, పాత అలవాటు కదా, కోపం కూడా వచ్చింది.

"నువ్వా! ఏమిటమ్మా ఈ పిల్ల చేష్టలు? గుండె ఆగి చస్తే?"

"మీకోసమే కూర్చున్నా సార్. అందరి ముందు అడగలేక. మీరు పల్లవి పాడి ఆపేసరికి... నోరు ఊరుకోలేదు."

"నీకెలా వచ్చు అది?"

ఆవిడ లైటు మొహం మీంచి తీసి మెట్ల మీదికి దించింది.

"మూడేళ్ళ కిందట మా వార్డులో, కిటికీ పక్క మంచం. ముప్ఫై నాలుగు రోజులున్నారాయన. రాత్రుళ్ళు నిద్ర పట్టక పాడేవారు. నొప్పితో అరిచేవాళ్ళు కూడా అప్పుడు అరవడం మానేసేవాళ్ళు. నాకు జోల తెలీదు సార్, మా పిల్లాడు ఈ బాణీతోనే పెరిగాడు."

కళ్ళద్దాలాయన వయొలిన్ పెట్టె కొక్కెం తడిమాడు.

"స్నేహితుడొస్తాడని రోజూ తలుపు వైపే చూసేవారు. 'వయొలిన్ వాయిస్తాడు సిస్టర్. అందర్నీ తిడతాడు. చెవి మాత్రం బంగారం' అనేవారు. అది మీరేనని ఇవాళ మీరు వాయించేదాకా తెలీలేదు నాకు."

బంగారం. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

"వచ్చే శుక్రవారం..." అని ఆగాడు. "వచ్చే శుక్రవారం వాళ్ళిద్దరికీ చెప్పేస్తానమ్మా. అది నాది కాదని."

"చెప్తే చెప్పండి, మానితే మానండి." ఆవిడ కూర్చుని రెండో బూటు తొడుక్కుంది. తాడు బిగిస్తూ, తలెత్తకుండానే అంది. "నాకు మీ మీద కోపం లేదు సార్. కోపం రావాలంటే ఎదుటి మనిషంటే కాస్త లెక్కుండాలి. ఇందాక డ్రైవరన్న అంత ఇష్టంగా వాయిస్తుంటే మీరు గోడకేసి చూశారు చూడండి... అప్పుడే పోయింది ఆ లెక్క."

ఇరవయ్యేళ్ళుగా ఆయన లోకాన్ని ఎలా చూశాడో, ఆవిడ ఆయన్ని అలా చూసింది. ఒక్క క్షణమే. చూసి, లోపమేమిటో తెలిసిపోయినట్టు, చూపు తిప్పేసుకుంది.

ఆయన లేచి నిలబడ్డాడు. కనీసం దెయ్యం కాదు. అంతవరకు నయం. నర్సమ్మ గొంతుకి ఇంతలా హడలిపోయానని టైలరుకి తెలిస్తే పరువు పోతుంది, అంతే — ఆ అవమానంలోనూ ఆ ఆలోచన వచ్చింది చూడండి ఆయనకి.

ఆవిడ బ్యాగు భుజానికి తగిలించుకుని రెండు మెట్లు దిగింది. ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఒక్క విషయంలో మాత్రం పొరబడ్డాను సార్. ఆయన దగ్గరికి మీరు అసలు రాలేదనే అనుకున్నా ఇన్నాళ్ళూ."

"అంటే?"

"రెండో చరణం పోయే ముందు రోజు కుదిరింది ఆయనకి. పాడమని నేనెంత బతిమాలినా పాడలేదు. 'ముందు మావాడు వినాలి' అన్నారు. ఇందాక అది వినేసరికి తెలిసింది — చివర్లో అయినా వచ్చారన్నమాట. పోన్లెండి... ఆయన కోరిక తీరింది."

కళ్ళద్దాలాయన గోడ పట్టుకున్నాడు.

"అది... రెండో చరణం... నువ్వు కదమ్మా పాడింది?"

"నేనా?" ఆవిడ నవ్వబోయింది. "నాకెలా వస్తుంది సార్? నేను మొదటి చరణం పాడి ఆపేశాను కదా. రెండోది మీరే అందుకున్నారు. పైనుంచి, మీ పక్కనుంచే వచ్చింది గొంతు —"

మాట మధ్యలో ఆపేసింది.

ఎత్తిన లైటు వెలుగులో ఆయన మొహం కనిపించింది ఆవిడకి. పాట సాగినంతసేపూ ఆ నోటికి చెయ్యి అడ్డంగానే ఉంది. ఇందాక నొక్కిపెట్టిన వేళ్ళ గుర్తులు, తెల్లటి పొడితో, రెండు బుగ్గల మీదా అచ్చుపడి ఉన్నాయి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు.

అప్పుడు — సరిగ్గా వాళ్ళ తలల పైన, చీకట్లో, మూడు నాలుగు మెట్ల ఎత్తులో —

ఎవరో నెమ్మదిగా దగ్గి, గొంతు సవరించుకున్నారు.